సీఓపీడీ ఉన్న అమ్మను కదలనివ్వాలా, మంచం మీదే ఉంచాలా?

ప్రశ్న – పల్నాడు జిల్లా నుంచి ఒక కుమార్తె

అందరికీ నమస్కారం. మా అమ్మకు 64 ఏళ్లు. ఆమె ఏనాడూ బీడీ, చుట్ట ముట్టలేదు గానీ, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇంట్లోకి గ్యాసు పొయ్యి వచ్చేదాకా, పొగ బయటికి పోయే దారి లేని వంటింట్లో పత్తి కట్టె, మిరప కట్టె, పిడకలతోనే రెండు పూటలా వంట చేసింది. చాలా కాలం ఉబ్బసానికని మందులు వాడిన తరువాత, గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేసి ఇది సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు అని వైద్యులు నిర్ధారించారు. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ 87 శాతం దాటడం లేదు కనుక, ఇన్‌హేలర్లతో పాటు ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం) పెట్టుకుని రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ తీసుకోవాలని చెప్పారు.

స్నానం చేసి వచ్చేసరికి మాట పెగలనంత ఆయాసం వస్తోందని మా అన్నయ్యలు ఆమెను మంచం దిగనివ్వడం లేదు. మంచినీళ్లు సైతం చేతికే అందిస్తున్నారు. అది ప్రేమేనని నాకు తెలుసు. అయితే ఇలా ఉంచడం మొదలుపెట్టిన తరువాత ఆమె కాళ్లు సన్నబడ్డాయి, తిండి తగ్గింది, గుమ్మం దాకా నడిచినా మునుపటి కంటే ఎక్కువగా రొప్పుతోంది. పైగా ఆక్సిజన్ పెట్టారంటే చివరి రోజులు వచ్చినట్లేనని నమ్మి, ఇంటికి ఎవరైనా వస్తే గొట్టం తీసి పక్కన పెడుతోంది. ఆమె దినచర్య ఎలా ఉంటే మంచిదో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – విజయవాడ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు

అమ్మా, మీరు గమనించినది సరైనదే. ఈ జబ్బులో ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే కాళ్ల కండరాలు బలం కోల్పోతాయి. బలం తగ్గిన కండరాలు అదే నాలుగు అడుగులకు మునుపటి కంటే ఎక్కువ ఆక్సిజన్ కోరతాయి. దానితో ఆయాసం పెరుగుతుంది, ఆయాసం పెరిగినకొద్దీ మనిషి ఇంకా కదలడు. ఈ వలయాన్ని తెంచడానికే పల్మనరీ రిహాబిలిటేషన్ అనే శిక్షణ ఉంది. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో ముందు కొలిచి, ఆ మేరకు నడకను, కాళ్లకూ చేతులకూ వ్యాయామాన్ని వారాల తరబడి పెంచుకుంటూ పోతారు. పాడైన ఊపిరితిత్తులు దీనివల్ల బాగుపడవు, కానీ ఉన్న ఊపిరితో చేయగలిగే పని తప్పకుండా పెరుగుతుంది. ఈ శిక్షణ ఎక్కడ దొరుకుతుందో, నడిచేటప్పుడు ఆక్సిజన్ ఎన్ని లీటర్లలో ఉండాలో మీ వైద్యులను అడగండి.

ఇంట్లో మొదట నేర్పవలసినది ఊపిరి వదిలే పద్ధతి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, వేడి పాలు చల్లార్చుకునేటప్పుడు ఊదినట్లు పెదవులు దగ్గరికి చేర్చి నాలుగు అంకెల సేపు నెమ్మదిగా వదలాలి. సీఓపీడీలో లోపలికి పోయిన గాలి పూర్తిగా బయటికి రాదు; ఇలా వదిలితే శ్వాసనాళాలు ముందుగానే మూసుకుపోకుండా కొంతసేపు తెరుచుకుని ఉంటాయి. వంగడం, లేవడం, బరువెత్తడం వంటి శ్రమ అంతా ఊపిరి వదులుతున్నప్పుడే జరగాలి. చాలామంది ఊపిరి బిగబట్టి లేస్తారు, ఆయాసం అక్కడే మొదలవుతుంది.

స్నానం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే వారిలో ఎక్కువమంది ముందుగా వదులుకునేది ఒంటరిగా స్నానం చేయడాన్నే, దానితోపాటే వారి ఆత్మగౌరవమూ దెబ్బతింటుంది. జారని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, గోరువెచ్చని నీళ్లతో, ఆవిరి కమ్ముకోకుండా తలుపు ఓరగా ఉంచి స్నానం చేయమనండి. ఒళ్లు తుడుచుకునే శ్రమ లేకుండా పెద్ద తువ్వాలు కప్పుకుని కాసేపు కూర్చుంటే సరిపోతుంది. తలస్నానాన్ని వేరే రోజుకు పెట్టుకోవాలి. చేతులు భుజాల కంటే పైకి లేచినప్పుడు ఆయాసం ఎక్కువవుతుంది, ఎందుకంటే ఈ జబ్బున్నవారికి మెడ, భుజాల కండరాలు ఊపిరి తీయడానికి కూడా తోడ్పడుతుంటాయి. అందువల్ల జడ వేసుకునేటప్పుడు మోచేతులను బల్ల మీద ఆనించాలి, పప్పుల డబ్బాలు నడుము ఎత్తులో ఉండాలి, తీగ మీద బట్టలు ఆరవేసే పని ఇంకొకరు చూసుకోవాలి. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం మాత్రం ఆమె చేతిలోనే ఉంచండి. తాళింపు వేసేటప్పుడు, మిరపకాయలు వేయించేటప్పుడు ఆమె వంటింట్లో లేకుండా చూడండి.

కడుపు నిండా తింటే ఊపిరి ఆడే చోటు తగ్గుతుంది. మూడు పూటలకు బదులు అయిదారుసార్లు కొంచెం కొంచెంగా, గుడ్డు, పప్పు, పెరుగు తగ్గకుండా పెట్టండి. తగ్గుతున్న బరువును తేలికగా తీసుకోవద్దు.

జవాబు – విశాఖపట్నం నుంచి, ఇదే జబ్బుతో ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇన్‌హేలర్ గురించి మాత్రం ఒక మాట చేర్చాలి. మందు సరైనదే అయినా పీల్చే తీరు సరిగా లేకపోతే అది గొంతులోనే నిలిచిపోతుంది. మీ అమ్మగారిది నొక్కితే మందు చిమ్మే రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య అమర్చే బోలు డబ్బా) తప్పక వాడండి. బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లోతుగా పీల్చి, పది అంకెల సేపు బిగబట్టాలి. పొడి పీల్చే రకానికి ఇందుకు భిన్నంగా వేగంగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్న మందు పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకుంటే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో మధ్యలో మానేసి ఆసుపత్రి పాలైనవారిని నేను చూశాను. దయచేసి ఆ మాట మీ ఇంట్లో వినిపించనీయకండి.

ఏటా ఫ్లూ టీకా, వైద్యులు చెప్పిన ప్రకారం న్యుమోనియా టీకా వేయించండి. దీపావళి రాత్రి, భోగి తెల్లవారుజామున ఆమె తలుపులు వేసిన గదిలో ఉండటమే మేలు.

జవాబు – వరంగల్ నుంచి, తండ్రికి ఇంట్లో ఆక్సిజన్ నడిపిస్తున్న ఒక కుమారుడు

అక్కయ్య గారూ, మా నాన్నగారు కూడా గొట్టం దాచేవారు. రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ తక్కువగా ఉంటే గుండె కుడి వైపు మీద భారం పెరుగుతుందని, 15 గంటలు వాడమనడం ఆయుష్షును కాపాడటానికేనని వైద్యులు ఆయనకే నేరుగా వివరించిన తరువాత మారారు. నిద్రపోయే సమయం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పొడవాటి గొట్టం అమర్చితే ఆమె ఇంట్లో తిరుగుతూనే ఆక్సిజన్ తీసుకోవచ్చు.

ఆయాసం వచ్చింది కదా అని ఎవరూ లీటర్లు పెంచకూడదు. ఈ జబ్బున్న కొందరిలో ఆక్సిజన్ అవసరానికి మించితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కమ్ముతుంది. అందుకే అటువంటి వారికి రక్తంలో ఆక్సిజన్‌ను సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉంచమంటారు. దీపారాధన, అగరుబత్తి, గ్యాసు పొయ్యి ఆమె గొట్టానికి దూరంగా, వీలైతే వేరే గదిలో ఉండాలి. ముక్కు దగ్గర వ్యాజలిన్ రాయకండి. మీ వైపు కరెంటు పోతుంటుంది కనుక ఒక సిలిండరు సిద్ధంగా ఉంచుకోండి. సుమారు 1500 లీటర్లు పట్టే బీ రకం సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున దాదాపు 12 గంటలు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఈ జవాబులను మా అన్నయ్యలకు చదివి వినిపించాను, రేపటి నుంచి స్టూలు వేసి అమ్మనే స్నానం చేయనిస్తామన్నారు. ఎలాంటి పరిస్థితిలో ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలో కూడా చెప్పగలరా?

జవాబు – విజయవాడ ఫిజియోథెరపిస్టు

కఫం పెరిగి పసుపు లేదా ఆకుపచ్చ రంగుకు మారినా, జ్వరం వచ్చినా, రోజూ చేసే పనికి రెట్టింపు ఆయాసం వచ్చినా, పాదాలు వాచినా అదే రోజు వైద్యులకు చూపించండి. పెదవులు నీలిరంగుకు మారడం, మాట తడబడటం, పగటిపూట లేపినా లేవనంత మత్తు, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి. వచ్చిన సిబ్బందికి సీఓపీడీ అని, ఇంట్లో ఎన్ని లీటర్ల ఆక్సిజన్ వాడుతున్నారో మొదటి మాటగా చెప్పి, మందుల చీటీని వారి చేతికివ్వండి.