లోడ్ 18 చూపిస్తోంది, సీపీయూ మాత్రం ఖాళీ. పెద్ద ప్లాన్ కొనాలా వద్దా?

మాక్‌టెస్ట్_అడ్మిన్

అందరికీ నమస్తే. మా బావగారికి గ్రూప్స్ కోచింగ్ సెంటర్ ఉంది, వాళ్ల మాక్ టెస్టుల సైట్ నేనే చూసుకుంటా, నా ఉద్యోగం వేరే, ఇది ఖాళీ టైంలో చేసే పని. 4 కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న క్లౌడ్ వీఎం (అద్దెకి తీసుకున్న వర్చువల్ మెషిన్), ఉబుంటు లైనక్స్, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అన్నీ ఒకే బాక్సులో.

సైట్ బాగానే నడుస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ఏడెనిమిది నిమిషాలు ఏ పేజీ రాదు, వచ్చినా 504 ఎర్రర్ (టైంలోపు జవాబు రాలేదని), ఆ తర్వాత దానంతటదే తేరుకుంటుంది. ఆ టైంలో టాప్ కమాండ్ కొట్టి చూస్తే లోడ్ యావరేజ్ 18 దగ్గర ఉంటోంది కానీ సీపీయూ 15 శాతం కూడా వాడట్లేదు, ఏ ప్రాసెస్సూ పైకి రాదు. సీపీయూ ఖాళీగా ఉంటే లోడ్ 18 ఏంటో నాకు అర్థం కావట్లేదు. హోస్టింగ్ సపోర్ట్ వాళ్లనడిగితే లోడ్ ఎక్కువుంది కాబట్టి 8 కోర్ల ప్లాన్‌కి మారండి అన్నారు. బావగారేమో కొనేయరా, పిల్లలు ఫోన్లు చేసి చంపుతున్నారు అంటున్నారు. నెలనెలా కట్టేది డబల్ అవుతుంది కదా, అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నా.

క్లౌడ్‌కింగ్

4 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు) వెయ్ బ్రో, మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్ (డేటా ఉంచుకునే ర్యామ్) పెంచు, ఒకసారి రీబూట్ కొట్టు. నాకు అలాగే సెట్ అయింది.

బెజవాడ_బాష్

రీబూట్ మాత్రం కొట్టకండి ప్లీజ్, కొడితే ఇప్పుడున్న ఆధారాలన్నీ పోతాయి, రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ ఇక్కడికే వస్తారు. బఫర్ పూల్ కూడా ముట్టుకోకండి, 8 జీబీలో దానికి ఎక్కువిస్తే మిగతావాళ్ల క్యాష్ పోతుంది.

లోడ్ సంగతి చెప్తా. లోడ్ యావరేజ్ అంటే సీపీయూ వాడకం అని చాలామంది అనుకుంటారు, మీ సపోర్ట్ వాళ్లతో సహా. మిగతా యూనిక్స్‌లలో లోడ్ అంటే సీపీయూ మీద నడుస్తున్నవి, సీపీయూ కోసం లైన్లో నిలబడ్డవి. లైనక్స్‌లో అలా కాదు, డీ స్టేట్‌లో ఇరుక్కున్న ప్రాసెస్‌లని కూడా కలుపుతారు, డీ స్టేట్ అంటే కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) లోపల దేనికోసమో ఆగిపోయి, సిగ్నల్ పంపినా లేవని స్థితి, ఎక్కువగా డిస్క్ కోసం. 1993లో వచ్చిన ఒక ప్యాచ్‌తో మొదలైంది ఇది, డిస్క్ నెమ్మదైతే సిస్టం నెమ్మదైనట్టే కదా, ఆ నంబర్‌లో అది కనపడాలి కదా అని. 2017లో బ్రెండన్ గ్రెగ్ అనే పెర్ఫార్మెన్స్ ఇంజనీర్ పాత మెయిలింగ్ లిస్టులు తవ్వి ఆ ప్యాచ్‌ని బయటకు తీశాడు. కాబట్టి లోడ్ 18, సీపీయూ ఖాళీ అంటే వింతేం కాదు, మీ ప్రాసెస్‌లు పనిచేయట్లేదు, దేనికోసమో నిలబడి ఉన్నాయి. దేనికోసం అన్నదే ప్రశ్న, అది తెలీకుండా 8 కోర్లు కొంటే ఖాళీగా కూర్చునే కోర్లు 4 నుంచి 8 అవుతాయి అంతే.

ఈసారి బిగుసుకున్నప్పుడు వీఎంస్టాట్ 1 అని పెట్టి (సెకనుకోసారి సిస్టం పరిస్థితి చూపిస్తుంది) ఓ పది లైన్లు, ఐఓస్టాట్ (డిస్క్ లెక్కలు) ఎక్స్ ఆప్షన్‌తో ఇంకో పది లైన్లు కాపీ చేసి పెట్టండి. రెండిట్లోనూ మొదటి రిపోర్ట్ వదిలేయండి, అది బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని చూసి మోసపోయినవాళ్లు బోలెడు మంది. ఫ్రీ కమాండ్‌లో ఫ్రీ కాలమ్ కాదు, అవైలబుల్ ఎంతుందో చెప్పండి. డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చివర ఏమైనా ఎర్రర్లుంటే అవి కూడా.

మాక్‌టెస్ట్_అడ్మిన్

థాంక్స్ అన్నా, పొద్దున మళ్లీ వచ్చింది, పట్టుకున్నా. వీఎంస్టాట్‌లో ఆర్ (నడుస్తున్నవి, సీపీయూ లైన్లో ఉన్నవి) 1, బీ (ఆగిపోయినవి) 4 అటూఇటూ, స్వాప్ ఇన్ అవుట్ రెండూ సున్నా, యూజర్ 10, సిస్టం 5, ఐడిల్ 30, వెయిట్ (డిస్క్ కోసం ఆగడం) 55, స్టీల్ 0. ఐఓస్టాట్‌లో రీడ్లు రైట్లు కలిపితే సెకనుకి 300, దాన్ని దాటట్లేదు, అవెయిట్ (ఒక్కో రిక్వెస్ట్‌కి పట్టే టైం) 13 మిల్లీసెకన్లు, మామూలప్పుడు 1 కూడా ఉండదు. క్యూ సైజ్ 4. అవైలబుల్ 1.6 జీబీ ఉంది. డీమెసేజ్‌లో ఏం లేదు.

బెజవాడ_బాష్

గీత గీసినట్టు 300 దగ్గర ఆగిందంటే అది డిస్క్ అలసట కాదు, ప్లాన్‌లో పెట్టిన లిమిట్. క్లౌడ్ డిస్కులు చాలావాటికి ఇలాంటిది ఉంటుంది, అమెజాన్ జీపీ2 డిస్క్ తీసుకుంటే జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకి రీడ్లు, రైట్లు) లెక్క, 100 జీబీకి 300, పైన కొంత బర్స్ట్ క్రెడిట్ (కాసేపు ఎక్కువ వాడుకునే కోటా) ఇస్తారు, అయిపోతే మళ్లీ 300కే. మీ ప్రొవైడర్ పేజీలో మీ ప్లాన్‌కి ఎంతో చూడండి. ఇంకో మాట, ఐఓస్టాట్‌లో యుటిల్ 100 అని కనపడినా భయపడకండి, ఎస్ఎస్‌డీలు ఒకేసారి బోలెడు రిక్వెస్టులు తీసుకుంటాయి, ఆ కాలమ్ పాత హార్డ్‌డిస్కుల కాలం నాటిది. అవెయిట్, క్యూ సైజ్ చూస్తే చాలు.

ఇప్పుడు ఆ 300 ఎవరు తింటున్నారో తేలాలి. పిడ్‌స్టాట్ డీ ఆప్షన్‌తో, లేదా ఐఓటాప్ పెట్టి చూడండి, ఏ ప్రాసెస్ డిస్క్ ఎంత వాడుతోందో చెప్తాయి.

క్వెరీరాణి

నా అనుమానం డేటాబేస్ మీదే, పదికి తొమ్మిదిసార్లు అదే ఉంటుంది. స్లో క్వెరీ లాగ్ ఆన్ చేశావా? ఆన్ చేసినా లాంగ్ క్వెరీ టైం డిఫాల్ట్ 10 సెకన్లు, అది 0.5 కి దించకపోతే లాగ్‌లో ఏమీ పడదు, ఏమీ పడలేదు కాబట్టి డీబీ బాగుందని డెవలపర్లు వాదిస్తారు, అదో తంతు.

అలాగే ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి ఎన్ని వర్కర్లు ఉండొచ్చో) ఎంత పెట్టావు? లెక్క సింపుల్, సెకనుకి 20 రిక్వెస్టులు వచ్చి ఒక్కోటి 0.2 సెకన్లు తీసుకుంటే 4 వర్కర్లు చాలు, అదే రిక్వెస్ట్ 2 సెకన్లకి పెరిగితే 40 కావాలి. వర్కర్లు 20 మందే ఉంటే మిగతావాళ్లు బయట నిలబడతారు, నీ 504లు అవే. అలాగని మ్యాక్స్ చిల్డ్రన్ 40 చేస్తే తగ్గిపోతుందనుకోకు, ఇరుక్కునేవాళ్లు 20 కాస్తా 40 అవుతారు, ర్యామ్ కూడా పోతుంది.

చిన్నవీపీఎస్

మధ్యలో దూరుతున్నా సారీ. నాకూ లోడ్ ఎక్కువే కానీ వీఎంస్టాట్‌లో వెయిట్ 0, స్టీల్ 40 చూపిస్తోంది. నాదీ ఇదే సమస్యా?

బెజవాడ_బాష్

కాదండి, మీది వేరే. స్టీల్ అంటే మీ వీఎం సీపీయూ అడిగింది, కింద ఉన్న హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వలేదు. అదే హోస్ట్ మీద పక్కవాళ్లు ఎక్కువ వాడుతుండొచ్చు, లేదా మీది బర్స్టబుల్ రకం అయితే సీపీయూ క్రెడిట్లు అయిపోయి ఉండొచ్చు. లోపల ఎంత ట్యూన్ చేసినా లాభం లేదు, ప్లాన్ మార్చడమో హోస్ట్ మార్పించుకోవడమో. వేరే పోస్ట్ పెట్టండి, ఇక్కడ కలిపేస్తే అందరికీ తికమక.

ఓరుగల్లు_రూట్

తమ్మీ, అందరు డిస్క్ డిస్క్ అంటున్నరు గని నీ నంబర్లల్ల ఒకటి తేడా కొడ్తున్నది, ఎవ్వరు పట్టించుకోలె. లోడ్ 18 అన్నవ్. ఆర్ 1, బీ 4. కలిపితె 5. మిగిలిన 13 యాడున్నయ్?

వీఎంస్టాట్ల బీ అంటె డీ స్టేట్ల ఉన్నయన్ని కావు, డిస్క్ ఐఓ కోసం ఆగినయే అండ్ల లెక్కకొస్తయ్. కెర్నల్ లోపట ఏదన్న లాక్ కోసం ఆగినయ్ కూడ డీ స్టేట్లనే ఉంటయ్, లోడ్‌ల కలుస్తయ్, గని బీ ల కనవడయ్. అంటె నీ దాంట్ల 13 ప్రాసెస్‌లు డిస్క్ కోసం కాదు, ఇంకెవరో పట్టుకున్న తాళం కోసం నిలవడ్డయ్. గా తాళం ఎవ్వనిదో దొరికితె అయిపాయె.

మళ్ల వచ్చినప్పుడు పీఎస్ కొట్టి స్టేట్ కాలమ్‌ల డీ ఉన్నయ్ మాత్రం తియ్యి. వాటిల ఒకదాని పిడ్ (ప్రాసెస్ నంబర్) తీస్కోని ప్రాక్ కింద దాని ఫోల్డర్ల స్టాక్ అనే ఫైల్ రూట్‌గ చదువు, కెర్నల్ల యాడ ఆగిందో చెప్తది. ఇంకోటి, బిగుసుకున్న టైములు రాసిపెట్టు, గడియారం చూసి, ఉజ్జాయింపు కాదు.

మాక్‌టెస్ట్_అడ్మిన్

అన్నా టైములు ఇంతవరకు రాసుకోలేదు, ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో 504లు ఎప్పుడెప్పుడు మొదలయ్యాయో తీసి చూస్తే 9:10, 9:40, 10:10, 10:40, ఇలా రోజంతా ఉంది!! రాత్రిపూట యూజర్లు లేరు కాబట్టి ఎవరూ ఫోన్ చేయలేదన్నమాట.

డీ లిస్ట్ ఇది: పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం 16, మైఎస్‌క్యూఎల్ థ్రెడ్ ఒకటి, ఫైండ్ (ఫైళ్లు వెతికే కమాండ్) ఒకటి. ఎఫ్‌పీఎం వాటిల్లో నాలుగింటి స్టాక్ చూశా, అన్నిట్లో పాత్_ఓపెన్‌యాట్ (ఫైల్ తెరిచే కెర్నల్ ఫంక్షన్) అని ఉంది. మ్యాక్స్ చిల్డ్రన్ 20 అక్కా. స్లో లాగ్ 0.5 కి దించా, మామూలప్పుడు ఏమీ పడట్లేదు, బిగుసుకున్నప్పుడు మాత్రం ప్రైమరీ కీ మీద వెళ్లే క్వెరీలు (మామూలుగా క్షణంలో అయ్యేవి) కూడా పడుతున్నాయి. ఫైండ్ నేను రన్ చేయలేదు, ఎవరు చేస్తున్నారో తెలీదు.

క్వెరీరాణి

ప్రైమరీ కీ క్వెరీ కూడా స్లో లాగ్‌లో పడిందంటే డీబీ నేరస్తురాలు కాదు, బాధితురాలు. నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నా 😄

ఓరుగల్లు_రూట్

దొరికిండు దొంగ. డెబియన్, ఉబుంటులల్ల పీహెచ్‌పీ ప్యాకేజీ ఎంబడి ఒక సెషన్ క్లీనర్ వస్తది (సెషన్ అంటె సైట్‌కి వచ్చినోళ్లను గుర్తువెట్టుకునే ఫైల్), గంటల రెండుసార్లు, 09 నిమిషంల, 39 నిమిషంల లేస్తది. నీ 504లు నిమిషం లేటుగ వస్తున్నయ్ ఎందుకంటె ఎన్‌జిన్‌ఎక్స్ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. పీహెచ్‌పీ సొంతంగ పాత సెషన్లు ఊడ్చుడు ఈ డిస్ట్రోలల్ల ఆపేసి ఉంటది, జీసీ ప్రాబబిలిటీ 0. దాని బదులు ఈ స్క్రిప్ట్ ఫైండ్ పెట్టి సెషన్స్ ఫోల్డర్ల ఒక్కొక్క ఫైల్ వయసు చూసి పాతయ్ తీసేస్తది.

మామూలు సైట్‌కి అది ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో గూడ తెల్వది, నీ దగ్గర గింత సేపు పడ్తున్నదంటె ఆ ఫోల్డర్ల ఫైళ్లు గుట్టలు పడ్డట్టె. ఎఫ్‌పీఎం కొత్త సెషన్ ఫైల్ పెట్టాలంటె ఆ ఫోల్డర్ తాళం కావాలె, ఫైండ్ ఒక్కొక్క ఫైల్‌ని చూసేటప్పుడు, తీసేటప్పుడు అదే తాళం పట్టుకుంటది, డిస్క్ నెమ్మది కాబట్టి ఎంతకీ వదలది. నీ పాత్_ఓపెన్‌యాట్ గదే.

మూడు చూసి చెప్పు. డీఎఫ్ ఐ ఆప్షన్‌తోటి ఐనోడ్‌లు (ఒక్కొక్క ఫైల్ వివరాలుండే రికార్డులు) ఎన్ని అయినయ్. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐల సెషన్ జీసీ మ్యాక్స్ లైఫ్‌టైం ఎంత. లాగిన్ కానోళ్లకు కూడ సెషన్ స్టార్ట్ అయితున్నదా. ఆ ఫోల్డర్ల ఎల్ఎస్ మాత్రం కొట్టకు, అది అన్ని పేర్లు సార్టు చేసేదాక ఒక్క ముక్క చూపియ్యది. ఫైండ్ పెట్టి లైన్లు లెక్కపెట్టు, గది కూడ టెస్టులు లేని టైంల.

మాక్‌టెస్ట్_అడ్మిన్

20 లక్షల పైచిలుకు ఫైళ్లు అన్నా!! లైఫ్‌టైం 2592000 ఉంది, అంటే 30 రోజులు. పాత డెవలపర్ పెట్టినట్టున్నాడు, స్టూడెంట్స్ మళ్లీ మళ్లీ లాగిన్ అవ్వక్కర్లేకుండా. సెషన్ స్టార్ట్ హెడర్ ఫైల్‌లోనే ఉంది, అంటే సెర్చ్ బాట్లు వచ్చినా ప్రతి పేజీకి ఒక ఫైల్.

బెజవాడ_బాష్

భలే పట్టారు రూట్ గారు, 300 కనపడగానే నేను అక్కడే ఆగిపోయా. అయితే లెక్క కూడా దగ్గరగా వస్తోంది చూడండి, ఎక్స్ట్4 ఫైల్‌సిస్టంలో ఐనోడ్ ఒకటి 256 బైట్లు, 4 కేబీ బ్లాక్‌లో 16 పడతాయి, 20 లక్షలకి లక్షా 25 వేల బ్లాకులు, సెకనుకి 300 చొప్పున చదివితే 7 నిమిషాలు. రీడ్‌ఎహెడ్ (పక్క బ్లాకులు ముందే చదవడం) ఉంటుంది కాబట్టి కొంత తగ్గాలి, డిలీట్ చేసినప్పుడల్లా జర్నల్ రాతలు ఉంటాయి కాబట్టి కొంత పెరగాలి. ర్యామ్ బిగుతుగా ఉంది కాబట్టి అరగంటలో ఆ ఐనోడ్‌లు క్యాష్‌లోంచి పోతున్నాయి, ప్రతిసారీ మళ్లీ డిస్క్ నుంచే.

బాట్ల విషయం ముందు తేల్చండి. లాగిన్ అయినవాళ్లకే సెషన్ మొదలవ్వాలి, లైఫ్‌టైం టెస్ట్ రాయడానికి సరిపడా 3, 4 గంటలకి తగ్గించి, నెల రోజులు గుర్తుంచుకోవడానికి వేరే కుకీ టోకెన్ పెట్టుకోండి. సెషన్లు రెడిస్‌కి (ర్యామ్‌లో ఉండే డేటాబేస్) మార్చినా మంచిదే, గడువు అయినవి అదే తీసేస్తుంది, కానీ బాట్లకి సెషన్లు ఇస్తూనే రెడిస్‌కి వెళ్తే రేపు ర్యామ్ నిండుతుంది. సెషన్ ఫైళ్లని సబ్‌ఫోల్డర్లుగా విడగొట్టే ఆప్షన్ కూడా పీహెచ్‌పీలో ఉంది, అది పెడితే పీహెచ్‌పీ ఆటోమేటిక్ క్లీనింగ్ నడవదు, ఊడ్చే స్క్రిప్ట్ మనమే రాసుకోవాలి, మీకు అంత అవసరం లేదు.

మాక్‌టెస్ట్_అడ్మిన్

ఇప్పుడున్న 20 లక్షలు ఎలా తీయాలి? లైఫ్‌టైం తగ్గిస్తే తర్వాత వచ్చే 09కి అన్నీ ఒకేసారి డిలీట్ చేయబోతుంది కదా, గంటలు పడుతుందేమో.

ఓరుగల్లు_రూట్

కరెక్టు పట్టినవ్, అందుకే లైఫ్‌టైం ముందుగాల తగ్గియ్యకు. అర్ధరాత్రి 12:45కి అట్ల, టెస్టులు లేనప్పుడు, ఎఫ్‌పీఎం ఆపు. సెషన్స్ ఫోల్డర్ పేరు మార్చు, అదే డిస్కుల కాబట్టి క్షణంల అయితది, అదే పేరుతోటి కొత్త ఫోల్డర్ చెయ్యి, పర్మిషన్లు పాతదాని లెక్కనే 1733, ఓనర్ రూట్. గప్పుడు లైఫ్‌టైం మార్చి ఎఫ్‌పీఎం లేపు. అందరు లాగౌట్ అయితరు, ముందుగాల నోటీస్ పెట్టు.

పాత ఫోల్డర్ నిమ్మళంగ తీసుకో, ఓ వెయ్యి ఫైళ్లు తీసి రెండు మూడు సెకన్లు ఆగేటట్టు చిన్న లూప్ రాయి. ఐఓనైస్ (డిస్క్ వాడకంల వెనక్కి నెట్టే కమాండ్) పెడ్తె సాలు అని ఎవరన్న అంటె నమ్మకు, దాని ఐడిల్ క్లాస్ సరిగ్గ పనిచెయ్యాలంటె బీఎఫ్‌క్యూ లాంటి షెడ్యూలర్ ఉండాలె, క్లౌడ్ వీఎంలల్ల మస్తు తక్కువ.

మాక్‌టెస్ట్_అడ్మిన్

చేశానన్నా. నిన్న రాత్రి ఫోల్డర్ మార్చా, సెషన్ స్టార్ట్ లాగిన్ తర్వాతకి జరిపా. ఇవాళ పొద్దున 9:09, 9:39 దగ్గర కూర్చుని చూశా, లోడ్ 1 దాటలేదు, క్లీనర్ సెకను లోపే అయిపోయింది. కొత్త ఫోల్డర్లో ఇప్పుడు 400 ఫైళ్లున్నాయి. 504 ఒక్కటి కూడా లేదు. ప్లాన్ మార్చట్లేదని బావగారికి చెప్పేశా.

ఒక డౌట్. పాత ఫోల్డర్లో ఫైళ్లు సగానికి పైగా పోయాయి కానీ ఎల్ఎస్ ఎల్‌డీ కొడితే ఆ ఫోల్డర్ సైజు ఇంకా 90 ఎంబీ పైనే చూపిస్తోంది, తగ్గట్లేదు. డిలీట్ సరిగ్గా అవ్వట్లేదా?

బెజవాడ_బాష్

అవుతోంది. ఎక్స్ట్4లో ఫోల్డర్ సైజు ఒకసారి పెరిగితే లోపల ఫైళ్లు తీసినా తగ్గదు, ఖాళీ అయిన బ్లాకులు దాని దగ్గరే ఉంచుకుంటుంది. అందుకే రూట్ గారు అదే ఫోల్డర్ ఖాళీ చేయమనకుండా కొత్తది పెట్టించారు. ఫైళ్లన్నీ పోయాక ఫోల్డర్‌నే తీసేయండి, ఆ 90 ఎంబీ అప్పుడు వస్తుంది.