ప్రోగ్రామింగ్ రాని వారు లిబ్రెఆఫీస్‌కు ఎలా తోడ్పడవచ్చు?

ప్రశ్న

చాలాకాలంగా లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని రైటర్‌లో పొడవైన నివేదికలు తయారుచేస్తున్నాను. శీర్షికలు, పట్టికలు, విషయసూచిక వరకు చేయి తిరిగింది కానీ, తెర వెనుక ఏం జరుగుతుందో తెలియదు. ఇన్నాళ్లుగా వాడుకుంటున్న ఈ సాఫ్ట్‌వేర్‌కు నా వంతుగా ఏదైనా చేయాలన్న కోరిక బలంగా ఉంది. అయితే నాకు సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాష రాదు. ముందు దీన్ని లోతుగా నేర్చుకుని ఆ తరువాత పనిలోకి దిగాలా, లేక ఇప్పుడే చేయదగిన పని ఏదైనా ఉందా?

మొదటి సమాధానం

నేర్చుకోవడం, తోడ్పడడం రెండూ ఒకేసారి సాగే పని ఒకటుంది: ఇతరులు నివేదించిన దోషాలను పరీక్షించడం. దోషాల నివేదికలను నమోదుచేసే లిబ్రెఆఫీస్ బగ్‌జిల్లా సైటులో కొత్తగా చేరిన నివేదిక, మరొకరు అదే దోషాన్ని తమ కంప్యూటర్‌లో రాబట్టేవరకు ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ స్థితిలో ఉంటుంది. రాబట్టగలిగితే ‘న్యూ’ అవుతుంది. ఎవరి నివేదికను వారే ధ్రువీకరించుకోకూడదు కనుక, అక్కడ రెండో మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఉదాహరణకు, పట్టిక రెండో పేజీలోకి సాగినప్పుడు శీర్షిక వరుస మళ్లీ కనిపించడం లేదని ఎవరో రాశారనుకుందాం. మొదట హెల్ప్ మెనూలోంచి సేఫ్ మోడ్‌లో ప్రారంభించి, తాత్కాలిక ప్రొఫైల్‌తో (అంటే సొంత అమరికలేవీ లేకుండా) చూడండి. అప్పుడు సమస్య పోతే, లోపం ప్రొఫైల్‌లోని అమరికల్లోనో, అదనంగా చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. పోకపోతే పత్రానికి నకలు తీసి, సంబంధం లేని పేజీలను తొలగిస్తూ, ఆ ఒక్క పట్టిక మిగిలేవరకు తగ్గించండి. ఈ క్రమంలోనే పట్టిక లక్షణాలలోని ‘టెక్స్ట్ ఫ్లో’ ట్యాబ్‌లో శీర్షిక పునరావృతానికీ, పట్టిక పేజీల మధ్య విడిపోవడానికీ వేర్వేరు అమరికలున్నాయని మీకు తెలుస్తుంది. అలా చిన్నదైన ఫైలు డెవలపర్ శ్రమను ఎంతో తగ్గిస్తుంది. జతచేసే ఫైళ్లు అందరికీ కనిపిస్తాయి కాబట్టి వ్యక్తిగత వివరాలు లేకుండా చూసుకోవడం తప్పనిసరి.

రెండో సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూనే, తెర వెనుక సంగతి తెలుసుకోవడానికి మరో దారి చెబుతాను. రైటర్ పత్రాన్ని దాచే ఓడీటీ ఫైలు నిజానికి ఒక జిప్ కట్ట. నకలు తీసి, ఫైలు పేరు చివరి పొడిగింపును జిప్‌గా మార్చి విప్పితే, కంటెంట్ ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో మీ పాఠం, స్టైల్స్ ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో మీరు పేరు పెట్టుకున్న శైలులు కనబడతాయి. శైలి వాడకుండా చేత్తో బొద్దు (బోల్డ్) చేసిన ప్రతిచోటా టీ1, టీ2 వంటి పేర్లతో రైటరే సొంతంగా శైలులు పుట్టించి పెడుతుంది. అది ఒక్కసారి కళ్లారా చూస్తే, శైలులు వాడమని అనుభవజ్ఞులు అంతగా ఎందుకు పట్టుబడతారో అర్థమవుతుంది. ఓడీటీకి మూలమైన ఓడీఎఫ్ ఫార్మాట్ 2006లో ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణమైంది కనుక, ఈ నిర్మాణమంతా బహిరంగంగానే లభిస్తుంది.

మూడో సమాధానం

నివేదికలు రాసే అలవాటున్న వారికి సహాయ పుస్తకాల విభాగమే సరైన ప్రవేశమని నా అభిప్రాయం. మార్గదర్శినులలోని ఒక అధ్యాయం తీసుకుని, అందులోని ప్రతి సూచననూ తాజా వెర్షన్‌లో చేసి చూస్తూ, మారిపోయిన మెనూ పేర్లను సరిదిద్దడం ఎంతో విలువైన పని. అనువాదాలు వెబ్‌లేట్ అనే ఆన్‌లైన్ అనువాద వేదికలో జరుగుతాయి. మున్ముందు కోడ్ నేర్చుకుంటే, కొత్తవారి కోసం గుర్తించి పెట్టిన ‘ఈజీ హ్యాక్స్’ అనే సులువైన పనులు ఉన్నాయి. ఆ మార్పులను గెరిట్ అనే కోడ్ సమీక్ష వ్యవస్థలో ఇతరులు సమీక్షిస్తారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. దోషాల పరీక్షతో మొదలుపెడతాను. ఒక సందేహం: నివేదికలోని దోషం నా దగ్గర కనిపించకపోతే ఆ శ్రమ వృథాయేనా?

మొదటి సమాధానమిచ్చినవారు

ఎంతమాత్రం కాదు. ‘అబౌట్ లిబ్రెఆఫీస్’ పెట్టెలోని వెర్షన్ వివరాలను కాపీ చేసి, మీరు అనుసరించిన మెట్లతో సహా వ్యాఖ్యగా రాయండి. నివేదికలో సమాచారం చాలకపోతే స్థితిని ‘నీడ్ఇన్ఫో’గా మార్చి, నమూనా ఫైలు ఇవ్వమని మర్యాదగా అడగండి. పాత వెర్షన్‌లో దోషం కనబడి కొత్తదానిలో కనబడకపోతే ఆ సంగతి కూడా రాయండి. దాని ఆధారంగా నివేదికను ‘వర్క్స్‌ఫర్‌మీ’ (నా దగ్గర పనిచేస్తోంది)గా ముగించవచ్చు.