'వినదగు నెవ్వరు చెప్పిన' అంటే ఎవరేమన్నా పడమనేనా?

ప్రశ్న: కష్టపడి చేసిన పనిని ఎవరో సరిగ్గా చూడకుండానే తీసిపారేస్తారు. బాధపడితే చుట్టూ ఉన్నవాళ్ళు 'వినదగు నెవ్వరు చెప్పిన' అని పద్యం అప్పజెప్తారు. ఎవరేమన్నా నోరు మూసుకుని పడమనేనా దీని అర్థం? నాకైతే మింగుడు పడట్లేదు.

జవాబు: కాదండీ, అస్సలు కాదు. అలా అప్పజెప్పేవాళ్ళు మొదటి పాదం దగ్గరే ఆగిపోతారు, అసలు విషయమంతా తర్వాత ఉంది. సుమతీ శతకంలోని పద్యం మొత్తం చూడండి:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ

వినమన్నాడు గానీ ఒప్పుకోమనలేదు. 'వేగపడక' అన్నది రెండు వైపులా వర్తిస్తుందని నా అభిప్రాయం: కోపంతో వెంటనే తిరగబడటం ఎంత తొందరపాటో, ఎదుటివాళ్ళు గట్టిగా అన్నారు కదా అని 'నిజమే, నాకు చేతకాదు' అనుకోవడమూ అంతే తొందరపాటు. మనసు పెట్టి పనిచేసేవాళ్ళు ఎక్కువగా ఈ రెండోదాంట్లోనే పడతారు. ఇక్కడ 'వివరింపదగున్' అంటే ఎదుటివాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవడం కాదు, మనలో మనం విడదీసి ఆలోచించడం. మూడో పాదంలో 'కని' ఉంది చూశారా, విన్నది చాలదు, మనమే కళ్ళతో చూసి ఏది కల్లో ఏది నిజమో తేల్చుకోవాలి.

ఉదాహరణకి మీరిచ్చిన రిపోర్టు చూసి ఒకాయన 'హడావిడిగా చేశారు, మూడో పేజీలో కూడిక మొత్తం తప్పు, మీకు పని మీద శ్రద్ధే లేదు' అన్నారనుకోండి. ఒక్క గుక్కలో అన్నా అందులో మూడు మాటలున్నాయి. హడావిడి అనేది ఆయన ఊహ. శ్రద్ధ లేదనేది మీ మీద తీర్పు. చూసి తేల్చుకోగలిగింది మూడో పేజీ ఒక్కటే. అది తీసి మళ్ళీ కూడండి. తప్పుంటే ఆయన ఎంత దురుసుగా అన్నా సరే దిద్దాల్సిందే. సరిగ్గానే ఉంటే 'మూడో పేజీ మళ్ళీ కూడి చూశానండీ, మొత్తం సరిపోయింది, మీకు తేడా ఏ వరుసలో కనిపించిందో చెప్పండి' అని రాయండి, అదీ ఆయన నలుగురిలో అంటే ఆ నలుగురికీ కనిపించేలా. శ్రద్ధ సంగతి మాత్రం ఎత్తకండి, దాని మీద వాదన మొదలైతే లెక్క పక్కకి పోయి గొడవ మిగులుతుంది.

ప్రశ్న: మరి 'తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు' అన్న వేమన పద్యం? నాకు అదే ఊరటగా ఉంటుంది.

జవాబు: ఊరటకి బాగుంటుందండీ, కాదనను. కానీ దాని రెండో పాదం 'ఉర్వి జనులకెల్ల నుండు తప్పు', ఆ జనుల్లో మనమూ ఉన్నాం. 'పళ్ళున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలు' సామెతతో కూడా ఇదే ఇబ్బంది, దాన్ని పట్టుకున్నామంటే తగిలిన ప్రతి రాయీ మన గొప్పకి సాక్ష్యమైపోతుంది, ఇక మూడో పేజీ తెరిచి చూసేదెవరు? విమర్శ అన్యాయమైనదా కాదా అన్నది చూశాకే తెలుస్తుంది, బాధ కలిగినంత మాత్రాన తెలియదు. అందుకే ఈ విషయంలో నేను సుమతీ శతకంలోని ఆ కంద పద్యం వైపే మొగ్గుతాను.

ఇంకొక్క సంగతి. చాలాచోట్ల 'మనుజుడే పో' అని దీర్ఘంతో రాస్తున్నారు, అప్పుడు మొదటి గణంలో ఒక మాత్ర ఎక్కువై కందం చెడుతుంది. 'మనుజుడె' అని హ్రస్వమే ఉండాలి. 'పో' అంటే వెళ్ళిపొమ్మని కాదు, అలాంటివాడే సుమా అని నొక్కి చెప్పడం.