గాయపడిన సైనికుడు ఉంటే ఆస్పత్రి మీద దాడి చేయవచ్చా?

కొత్తపేట నర్సు, గుంటూరు:
నేను ఐసీయూలో పనిచేస్తాను. మొన్న టీవీలో యుద్ధ వార్తలు వస్తుంటే ఒక రోగి బంధువు, "అక్కడ సైనికులకు వైద్యం చేస్తున్నారట, అందుకే బాంబు వేశారు, తప్పేముంది?" అన్నారు. ఒళ్లు మండింది. కత్తిపోటు తిన్నవాడు వచ్చినా, పొడిచినవాడు వచ్చినా మేము ముందు రక్తం ఆపుతాం. కానీ చట్టం ఏమంటుందో ఆయనకు చెప్పలేకపోయాను. తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత న్యాయశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ:
తప్పేనమ్మా. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం దేశాలు చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 18వ అధికరణం పౌర ఆస్పత్రులపై దాడిని నిషేధించింది. శత్రువుకు హాని చేసే పనులకు వాడుకుంటేనే ఆ రక్షణ పోతుందని 19వ అధికరణం చెబుతుంది. గాయపడిన సైనికులకు చికిత్స చేయడం అలాంటి పని కాదని అందులోనే రాసి ఉంది. వాళ్ల దగ్గర తీసుకున్న చిన్న ఆయుధాలు, తూటాలు ఇంకా అప్పగించకుండా మీ దగ్గరే ఉన్నా సరే, రక్షణ పోదు. ఈ ఒప్పందాన్ని మన దేశం 1950లోనే ఆమోదించింది, 1960లో చట్టం కూడా చేసింది.

పటమట వాసి:
డాబా మీద నుంచి తుపాకులు పేలుస్తుంటే కూడా చేతులు కట్టుకుని కూర్చోవాలా మాస్టారూ?

విశ్రాంత అధ్యాపకుడు:
అప్పుడు రక్షణ పోవచ్చు. అయినా ముందు హెచ్చరించాలి, సమంజసమైన గడువు ఇవ్వాలి. దాన్ని పెడచెవిన పెడితేనే దాడి మాట. అప్పుడు కూడా లోపలున్న రోగుల ప్రాణనష్టం సైనిక ప్రయోజనాన్ని మించిపోతుందనిపిస్తే ఆగాలి. డాబా మీద ఒకడున్నాడని వార్డులన్నీ కూల్చడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు.

కొత్తపేట నర్సు:
సమంజసమైన గడువంటే ఎన్ని గంటలు మాస్టారూ? వెంటిలేటర్ మీదున్న ఒక్క రోగిని స్కానింగుకు తీసుకెళ్లాలంటేనే ఆక్సిజన్ సిలిండర్, మానిటర్, డాక్టరు, ఇద్దరు నర్సులు, వార్డుబాయ్ కావాలి. ఆస్పత్రి మొత్తం ఖాళీ చేయమంటే?

విశ్రాంత అధ్యాపకుడు:
ఒప్పందంలో గంటల లెక్క లేదు. మీరు చెప్పిన ఇబ్బందులన్నీ లెక్కలోకి తీసుకుంటేనే అది సమంజసమైన గడువు. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో అమెరికా విమానం ఎం.ఎస్.ఎఫ్. వైద్యసంస్థ ఆస్పత్రిపై కాల్పులు జరిపింది. అక్కడ అఫ్గాన్ ప్రభుత్వ సైన్యం, తాలిబన్లు, ఇరుపక్షాల క్షతగాత్రులకూ చికిత్స చేసేవారు. ఆస్పత్రి ఎక్కడుందో ఆ సంస్థ ముందే తెలియజేసింది. అయినా హెచ్చరిక లేదు. ఐసీయూలో కదలలేని రోగులు మంచాల్లోనే కాలిపోయారు. మొత్తం 42 మంది చనిపోయారు. పొరపాటున గురిపెట్టామని అమెరికా సైన్యం చెప్పింది. 16 మందిపై శాఖాపరమైన చర్యలు తీసుకుంది, ఒక్కరి మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆ బంధువు మళ్లీ కనబడితే 19వ అధికరణం చదివి వినిపించమ్మా.