పదేళ్ల పిల్లలకు బంతి ప్రాక్టీసా, గెంతులూ మొగ్గలా?

మూసాపేట నాన్న:
మా బాబు ఏడాదిగా ఫుట్‌బాల్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. కొత్త కోచ్ గంటన్నరలో అరగంట బంతే ముట్టనివ్వడు. కప్పగెంతులు, కుంటుడాట, పిల్లిమొగ్గలు. తర్వాతైనా ఒకరోజు టెన్నిస్ బంతి, ఇంకోరోజు గాలి తగ్గించిన బంతి. ఈ గెంతులు వీధిలో గెంతలేడా? మేం ఫీజు కట్టేది బంతి మీద పట్టు రావాలనే కదా. మీరేమంటారు?

లెఫ్ట్ వింగ్:
మీరన్నదే కరెక్ట్ అన్నా. నేను జిల్లా స్థాయిలో ఆడాను. రోజూ గోడకేసి ఒక్కో కాలితో రెండొందల సార్లు కొట్టేవాణ్ణి. నా ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదటి తాకుతోనే అదుపు చేయడం, అలా వచ్చిందే. ఆ వయసులో బంతికి దూరంగా గడిపిన అరగంట మళ్లీ రాదు.

పీఈటీ మేడమ్:
వీధిలో గెంతలేడా అన్నారు. గెంతుతున్నాడా అండీ? బడి, వ్యాను, ట్యూషను, ఫోను. ఈ జూన్‌లో మా ఆరో తరగతి పిల్లల్ని వెనక్కి పరిగెత్తమన్నాను. సగం మంది నాలుగడుగులకే కాళ్లు మెలికపడి కూలబడ్డారు. పడేటప్పుడు చేతులు ఆన్చడం కూడా తెలియదు. డిఫెండర్‌కి వెనక్కి పరుగు రాకపోతే ఎలా?

ఇక ఒకే పనిని మార్చి మార్చి చేయించడం గురించి. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లలతో గింజల సంచులు గురి చూసి విసిరించారు. ఒక జట్టు ఎప్పుడూ మూడడుగుల నుంచే విసిరింది. రెండో జట్టు రెండు, నాలుగు అడుగుల నుంచి విసిరింది. చివర్లో మూడడుగుల పరీక్ష పెడితే, సాధనలో ఆ దూరమే లేని రెండో జట్టు మెరుగ్గా వేసింది.

లెఫ్ట్ వింగ్:
అక్కడ విసిరింది సంచే కదా మేడమ్, దూరం మాత్రమే మారింది. టెన్నిస్ బంతి వరకు ఒప్పుకుంటాను. పిల్లిమొగ్గ వేస్తే పాస్ ఎలా వస్తుంది?

పీఈటీ మేడమ్:
రాదు. మీరు చెప్పిన తేడా నిజమే, నేను రెండూ కలిపేశాను. మొగ్గలు, గెంతులు ఒంటిని కాపాడటానికి. గాయాలు తగ్గించడానికి ఫిఫా తెచ్చిన 11+ అనే వార్మప్‌లో పరుగులు, గెంతులు, ఒంటికాలి బ్యాలెన్స్ ఉన్నది అందుకే. 2008లో వెలువడిన నార్వే అధ్యయనంలో, అది చేసిన టీనేజ్ అమ్మాయిల్లో తీవ్రమైన గాయాలు తగ్గాయి. నైపుణ్యానికైతే బంతితోనే మార్పులు కావాలి. మన హైదరాబాద్ రహీం సాబ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణం తెచ్చిన కోచ్, వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు.

మూసాపేట నాన్న:
నిన్న గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. పక్క బ్యాచ్‌లో పన్నెండు మంది ఒకే లైన్, కోన్స్ మధ్య డ్రిబ్లింగ్. ఎర్ర టీషర్ట్ పిల్లాడికి ఇరవై నిమిషాల్లో ఎనిమిది సార్లే వంతు వచ్చింది. మిగతా సేపు షూ లేసు లాక్కుంటూ నిలబడ్డాడు. మా వాడి బ్యాచ్‌లో బంతి ఇచ్చాక ఒక్కడూ ఖాళీగా లేడు. నా కోపం తప్పు చోట పెట్టుకున్నానేమో.

లెఫ్ట్ వింగ్:
లైన్లో నిలబెట్టడం దారుణమే అన్నా. అయినా బంతి లేకుండా అరగంట ఎక్కువే. పదిహేను నిమిషాలు చాలు.

పీఈటీ మేడమ్:
ఇంటి దగ్గర ఆడే పిల్లలకైతే చాలు. మా బడి పిల్లలకు నేను తగ్గించను.

మూసాపేట నాన్న:
మావాడు ఇంటి దగ్గర ఆడడు మేడమ్. బుధవారం కోచ్ గారితో మాట్లాడి ఇక్కడే రాస్తాను.