సేక్రెడ్ హార్ప్ సింగింగ్‌కి మొదటిసారి వెళ్తున్నా: ఏడు స్వరాలకి నాలుగు పేర్లేనా?

ప్రశ్న (మాయామాళవ):
అమెరికాలోని జార్జియాలో ఒక పాత చర్చిలో రోజంతా జరిగే సేక్రెడ్ హార్ప్ సింగింగ్‌కి (ఆ పేరున్న పుస్తకంలోని క్రైస్తవ భక్తిగీతాలు అందరూ కలిసి నాలుగు గొంతు భాగాల్లో పాడే సభ) వచ్చే నెల వెళ్తున్నాను. కర్ణాటక సంగీతం వర్ణాల దాకా వచ్చు, స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాదు. 1991 ఎడిషన్ పుస్తకం తెప్పించుకున్నా. నోట్ల తలలు త్రికోణం, గుండ్రం, చతురస్రం, పేకముక్క డైమను ఆకారాల్లో ఉన్నాయి. పేర్లు వరసగా ఫా, సోల్, లా, మీ. ఏడు స్వరాలకి ఈ నాలుగే అయితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఎక్కడ కూర్చోవాలి? వాయిద్యం ఏదీ ఉండదట, మరి శ్రుతి ఎవరిస్తారు?

గాంధారం:
మీకు స్వరజ్ఞానం ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టేనండీ. శంకరాభరణం ఆరోహణ అనుకోండి. స రి గ అంటే ఫా సోల్ లా, మ ప ద అంటే మళ్లీ ఫా సోల్ లా, ని ఒక్కటే మీ. స రి గ మధ్య ఎంతెంత ఎడముందో మ ప ద మధ్యా అంతే ఉంది, అందుకే అవే పేర్లు. డైమను కనిపించిందా, దాని పై మెట్టే షడ్జం.

45వ పేజీలో పైపాటతో మొదలుపెట్టండి. అందరికీ తెలిసిన అమేజింగ్ గ్రేసే అది, పుస్తకంలో న్యూ బ్రిటన్ అని ఉంటుంది. మ, ని తగలవు, అంటే మన మోహనం స్వరాలే. మొదటి పాదం జారుళ్లు తీసేస్తే ప స గ గ రి స ద ప. ఆకారాల్లో సోల్ ఫా లా లా సోల్ ఫా లా సోల్. పది సార్లు పాడితే కన్ను ఆకారాన్ని పట్టేస్తుంది. ఒక్క జాగ్రత్త: పాటని ట్రెబుల్, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గొంతు భాగాలుగా పాడతారు, అసలు వరస టెనర్‌ది, అది కింది నుంచి రెండో గీతల వరసలో ఉంటుంది. కొత్తవాళ్లు పైవరస పాడేసి, పాట ఏమీ పోల్చుకోలేక తికమకపడతారు.

పైన చెప్పిందంతా శంకరాభరణం మెట్లుండే మేజర్ పాటలకి. మైనర్ పాటల్లో షడ్జం లా మీద పడుతుంది: లా మీ ఫా సోల్ లా ఫా సోల్. బేస్ చివరి నోటు చూడండి: ఫా అయితే మేజర్, లా అయితే మైనర్. మైనర్ అచ్చులో నఠభైరవిలా ఉన్నా, పాత సంప్రదాయంలో పెరిగిన గాయకులు చాలామంది ధైవతాన్ని అర మెట్టు పెంచి ఖరహరప్రియలా పాడతారు. పుస్తకంలో దానికి గుర్తేమీ ఉండదు, పేరూ ఫాయే. అక్కడ అచ్చుని కాదు, పక్కవాళ్ల గొంతుని నమ్మండి.

నాలుగువైపులు:
టెనర్లో కూర్చోండి, ఆడా మగా ఇద్దరూ పాడతారు. బెంచీలు నాలుగు వైపులా లోపలికి తిరిగి ఉంటాయి: టెనర్‌కి ఎదురుగా ఆల్టో, ఎడమ చేతివైపు ట్రెబుల్, కుడివైపు బేస్. రెండో వరసో మూడో వరసో చూసుకోండి. ముందు బెంచీలో కూర్చున్నవాళ్లు చేత్తో తాళం వేస్తూ మిగతావాళ్లకి ఎత్తుగడలు అందించాలి, అది మొదటి రోజు చేసే పని కాదు.

గమకం పూర్తిగా మానెయ్యండి. ఈ పాటల్లో చాలాచోట్ల షడ్జ పంచమాలే మోగుతాయి, గాంధారం ఉండదు. ఆ పంచమం ఊగిందా, మొత్తం బెంచీ శ్రుతి చెదురుతుంది. గొంతు తిన్నగా, నిండుగా, గట్టిగా వదలాలి. విని ఆనందించడానికి వేరే శ్రోతలుండరు, కాబట్టి చిన్నగా పాడాల్సిన అవసరమూ లేదు.

ఫ్యూగింగ్ పాటల్లో ఒక్కో భాగం ఒక్కోసారి ఎత్తుకుంటుంది, ఎక్కువగా బేస్ ముందు. మీ ఎత్తుగడ జారిపోతే మధ్యలో దూరకండి, నాలుగు భాగాలూ కలిసేచోట కలవండి. తాళం చెయ్యి కిందికీ పైకీ, అంతే. మూడు అక్షరాలదైతే రెండు కిందికి, ఒకటి పైకి.

మంద్రపంచమం:
శ్రుతి సంగతి. పుస్తకంలో వేసిన కీని (రాసిన శ్రుతిని) అక్షరాలా పాటించరు. టెనర్ ముందు బెంచీలో ఒకరు, మన గాయకుడు కచేరీకి శ్రుతి ఎంచుకున్నట్టే, ట్రెబుల్ పై స్వరమూ బేస్ కింది స్వరమూ అందేలా షడ్జం పట్టి, ఒక్కో భాగం ఎత్తుకోవాల్సిన స్వరం పాడి చూపిస్తారు. అర మెట్టు ఎక్కువైతే భోజనాల వేళకే ట్రెబుల్ గొంతులు బొంగురుపోతాయి. అందుకే పొద్దున్న కాస్త తగ్గించి పడతారు.

మాయామాళవ:
చాలా స్పష్టంగా ఉందండీ. పాట నడిపించమని నన్ను పిలిస్తే?

నాలుగువైపులు:
ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వెళ్తే మాత్రం మధ్యలో నిలబడి, టెనర్ల వైపు తిరిగి, "45 పైది" అని గట్టిగా చెప్పి, ఏ చరణాలో కూడా చెప్పండి. శ్రుతి అందేదాకా చెయ్యెత్తొద్దు. ముందు ఒకసారి ఆకారాల పేర్లతో, తర్వాతే మాటలతో. కొత్తవాళ్లు పాట వింటూ చెయ్యి దాని వెనకాల వేస్తారు, దాంతో చరణం చరణానికీ నడక కుంటుతుంది. ముందు బెంచీ చేతుల మీద కన్నుంచి వాటితో కలిసి కొట్టండి. అయ్యాక చప్పట్లుండవు, నేరుగా మీ చోటికి వచ్చి కూర్చోవడమే.

మధ్యాహ్నం భోజనాలు అందరూ ఇళ్ల నుంచి తెచ్చినవే. పులిహోర పట్టుకెళ్లండి, వేడి చెయ్యక్కర్లేదు.