శంషాబాద్ ఎయిర్‌పోర్టు గేటు వద్ద ఫోన్‌లోని ఆధార్ చూపిస్తే సరిపోతుందా?

ప్రశ్న: హన్మకొండ వాసి

మిత్రులకు నమస్కారం. వచ్చే నెల మా అమ్మ, బాపు శంషాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్తున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం. అక్కడ మా చెల్లె వచ్చి తీసుకెళ్తుంది కానీ, ఇక్కడ నేను గేటు దాకా వెళ్లి ఆగిపోవలసిందే. టికెట్ లేనివారిని లోపలికి పంపరు కదా. అందుకే గేటు వద్ద ఏ ఇబ్బందీ రాకుండా ముందే అన్నీ సర్దిపెట్టాలని అనుకుంటున్నాను.

బాపు సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యారు. ఆయన ఓటరు కార్డు భద్రంగా ఉంది. చిక్కంతా అమ్మ గురించే. ఇల్లు మారినప్పుడు ఆమె అసలు ఆధార్ కార్డు, ఓటరు కార్డు రెండూ పోయాయి. ఇప్పుడు ఉన్నవల్లా ఇక్కడి జిరాక్స్ సెంటర్‌లో వేయించిన ప్లాస్టిక్ ఆధార్ కార్డు ఒకటి, నా ఫోన్ గ్యాలరీలో అసలు కార్డుకు తీసి పెట్టుకున్న ఫోటో ఒకటి. ఆ ఫోటోను అమ్మ ఫోన్‌కు వాట్సాప్‌లో పంపితే సరిపోతుందని మా బావ అంటున్నాడు. ప్రభుత్వ పత్రాలను ఫోన్‌లో ఉంచుకునే డిజిలాకర్ యాప్ ఉంటేనే ఒప్పుకుంటారని ఆఫీసులో ఒకరు చెప్పారు. పైగా అమ్మ ఆధార్‌కు లింకై ఉన్నది నా ఫోన్ నంబరు, ఆమె నంబరు కాదు. టికెట్‌లో ఆమె పేరులోని లక్ష్మిని ఎక్స్ అక్షరంతో వేశారు, ఆధార్‌లో కె, ఎస్, హెచ్ అక్షరాలతో ఉంది. ఇవన్నీ కలిసి గేటు వద్ద అడ్డం తిరుగుతాయేమోనని భయంగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: కాజీపేట పెద్దాయన

నేను సెక్యూరిటీ డ్యూటీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయినవాడిని కనుక, గేటుకు అవతలి వైపు నుంచి ఈ విషయం ఎలా కనిపిస్తుందో చెబుతాను. గేటు వద్ద నిలబడిన సీఐఎస్ఎఫ్ (ఎయిర్‌పోర్టుకు కాపలా కాసే కేంద్ర బలగం) జవాను చూసేవి మూడే: టికెట్ మీది తేదీ, టికెట్ మీది పేరు గుర్తింపు పత్రంలోని పేరుతో కలుస్తున్నదా, పత్రంలోని ముఖం ఎదురుగా ఉన్న మనిషిదేనా. మీ బావ చెప్పిన వాట్సాప్ ఫోటో ఈ పరీక్షకు నిలవదు. ఫోటోను ఎవరైనా ఎలాగైనా మార్చి పెట్టుకోవచ్చు, అందుకే దానికి జిరాక్స్ కాగితానికి ఉన్న విలువ కూడా ఉండదు.

ఫోన్‌లో చూపించే ఆధార్ మాత్రం కొత్త సంగతేమీ కాదు. పౌర విమానయాన భద్రతా బ్యూరో 2017లో ఎయిర్‌పోర్టు గేట్ల వద్ద అంగీకరించవలసిన పత్రాల జాబితా ఇచ్చినప్పుడే, పాస్‌పోర్టు, ఓటరు కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సులతో పాటు ఆధార్ లేదా ఎంఆధార్ (ఆధార్ సంస్థ వారి ఫోన్ యాప్) అని స్పష్టంగా రాసింది. డిజిలాకర్ విషయానికి వస్తే, అదే ఏడాది ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలను సవరించి, ప్రభుత్వ సంస్థ నేరుగా డిజిలాకర్‌లోకి జారీ చేసిన పత్రం అసలు పత్రంతో సమానమని కేంద్రం చెప్పింది. ఇక్కడ ఒక తేడాను మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. డిజిలాకర్‌లో రెండు అరలు ఉంటాయి: ఒకటి సంస్థలు జారీ చేసిన పత్రాలది, మరొకటి మనం సొంతంగా ఎక్కించుకున్న పత్రాలది. రెండో అరలో పెట్టుకున్న స్కాన్ కాపీకి ఆ సమానత్వం లేదు. రైల్వే వారు 2018లో డిజిలాకర్‌లోని ఆధార్‌ను, డ్రైవింగ్ లైసెన్సును రైలు ప్రయాణానికి అంగీకరించినప్పుడు కూడా ఈ షరతే పెట్టారు. మన కాజీపేట జంక్షన్‌లో టీటీఈలతో వాదులాడిన వారిలో చాలామంది మరిచిపోయిన పాయింటు ఇదే.

మీ బాపుగారి ఓటరు కార్డుకు ఏ ఇబ్బందీ లేదు. ఫోటో ఉన్న పెన్షన్ కార్డు కూడా ఆ జాబితాలో ఉంది కనుక, అలాంటిది ఉంటే జేబులో వేసుకొమ్మనండి.

ఇక అందరూ గేటు గురించే ఆలోచిస్తారు కానీ, మొదటిసారి వెళ్లే దంపతులు ఎక్కువగా తికమకపడేది లోపలి సెక్యూరిటీ తనిఖీ వద్ద. అక్కడ ఆడవారికి వేరే లైను, తెర కట్టిన చిన్న గదిలో మహిళా సిబ్బంది తనిఖీ చేస్తారు. ఇద్దరి బోర్డింగ్ పాస్‌లూ ఒకే ఫోన్‌లో ఉండి, ఆ ఫోన్ మీ బాపుగారి చేతిలో ఉంటే, అమ్మగారు అవతలి లైనులో చేతిలో ఏమీ లేకుండా నిలబడతారు. కొద్దిసేపటికి ఆయన ఫోన్ కూడా బ్యాగుతో పాటు ట్రేలో పడి ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్లిపోతుంది. అందువల్ల బ్యాగులు ఇచ్చే కౌంటర్ వద్దే ఇద్దరికీ విడివిడిగా కాగితం బోర్డింగ్ పాస్‌లు అడిగి తీసుకొమ్మని చెప్పండి. ఆ కాగితాన్ని ట్రేలో వేయకుండా ఎవరిది వారు చేతిలోనే పట్టుకోవాలి.

జవాబు 2: కరీంనగర్ ఆన్‌లైన్ సెంటర్

పై పెద్దలు చెప్పినదంతా సరైనదే. నేను ఆన్‌లైన్ పనుల సెంటర్ నడుపుతాను కనుక, మీరు అడిగినవాటిలో ఓటీపీ, ప్లాస్టిక్ కార్డు సంగతులు చెబుతాను.

మొదట ఆ ప్లాస్టిక్ కార్డు. బయటి దుకాణాల్లో వేయించిన పీవీసీ (ప్లాస్టిక్) ఆధార్ కార్డులకు తాము గుర్తింపు ఇవ్వబోమని ఆధార్ సంస్థ 2022 జనవరిలోనే ప్రకటించింది. చూడడానికి అసలు దానిలాగే నిగనిగలాడుతుంది, జవాను కొన్నిసార్లు చూసీ చూడనట్టు పంపవచ్చు కూడా. అయినా మొదటిసారి వెళ్లే పెద్దావిడను దాని మీద ఆధారపడి పంపడం నాకు సమ్మతం కాదు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో అసలు పీవీసీ కార్డుకే ఆర్డర్ పెట్టండి, స్పీడ్ పోస్టులో ఇంటికి వస్తుంది. వచ్చే నెల ప్రయాణమంటున్నారు కనుక ఈ రోజే పెట్టడం మంచిది.

అది వచ్చినా రాకపోయినా, అదే వెబ్‌సైట్ నుంచి ఇ-ఆధార్ పీడీఎఫ్ దింపుకొని ప్రింటు తీసి పెట్టుకోండి. పోస్టులో వచ్చిన ఆధార్, ఇ-ఆధార్, ఎంఆధార్, పీవీసీ కార్డు నాలుగూ సమానంగా చెల్లుతాయనేది ఆధార్ సంస్థ మాట. ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది: ఆధార్‌లో ఉన్న ఇంగ్లీషు పేరులోని మొదటి 4 అక్షరాలు క్యాపిటల్ లెటర్లలో, వాటి పక్కనే పుట్టిన సంవత్సరం. మా సెంటర్‌కు వచ్చేవారిలో సగం మంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే ఆ ఇంటిపేరు అక్షరాలే వేయాలి, పిలుచుకునే పేరువి కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. అమ్మగారి ఆధార్‌కు మీ నంబరు లింకై ఉంది కనుక ఓటీపీలన్నీ మీకే వస్తాయి. ఒకే నంబరుకు లింకైన కుటుంబ సభ్యులలో 5 మంది వరకు ప్రొఫైల్స్‌ను ఎంఆధార్‌లో ఒకే ఫోన్‌లో పెట్టుకోవచ్చు కనుక, చాలామంది కొడుకులు అమ్మానాన్నల ప్రొఫైల్స్ తమ ఫోన్‌లో చేర్చుకొని పని అయిపోయిందని అనుకుంటారు. కానీ ఒక ఆధార్ ప్రొఫైల్ ఒకసారికి ఒక ఫోన్‌లోనే పనిచేస్తుంది. అది మీ ఫోన్‌లో ఉంటే మీరు గేటు బయటే ఉంటారు, అమ్మగారు లోపలికి పోవాలి. అందుకే ఇంట్లో కూర్చున్నప్పుడే ఆమె ఫోన్‌లో డిజిలాకర్ పెట్టి, ఆమె ఆధార్ నంబరుతో ఖాతా తెరిచి, ఓటీపీ మీ ఫోన్‌లో చూసి కొట్టండి. 6 అంకెల పిన్ ఒకటి పెట్టమంటుంది. అది ఆమెకు గుర్తుండే అంకెలై ఉండాలి, మీకు గుర్తుండేవి కాదు. ఆధార్ తెరిచినప్పుడు చివరి 4 అంకెలే కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ అది అలాగే ఉంటుంది.

ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఒకసారి తెరిచి చూడండి. యాప్ లాగౌట్ అయి ఉంటే మళ్లీ ఓటీపీ అడుగుతుంది, అది మీ ఇంట్లో ఉన్నప్పుడైతే నిమిషం పని, గేటు ముందు లైనులో అయితే వెనకవాళ్ల గొణుగుడు వినాలి.

పేరు సంగతి: ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, లేదా టికెట్ కొన్న యాప్‌లో, ఆధార్‌లో ఉన్నట్టుగా స్పెల్లింగ్ సరిచేయించండి. మన దగ్గర లక్ష్మిని ఎక్స్‌తో రాయడం ఎంత మామూలో గేటు వద్ద ఉన్న ఉత్తరాది జవానుకు తెలియాలన్న నియమం లేదు.

జవాబు 3: వరంగల్ లెక్చరర్

ఇంతమంది ఇన్ని చెప్పినా ముఖం చూసి లోపలికి పంపే డిజియాత్ర యాప్ పేరు ఎవరూ ఎత్తలేదు కనుక నేను ఎత్తుతున్నాను. 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసి ఎయిర్‌పోర్టుల్లో మొదలై, మరుసటి ఏడాదే శంషాబాద్‌కు వచ్చింది. డిజిలాకర్ ద్వారా ఆధార్ తీసుకొని, సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాస్‌ను స్కాన్ చేసి యాప్‌లో చేర్చి, ఎయిర్‌పోర్టుకు పంపితే, గేటు వద్ద కార్డు తీయకుండానే కెమెరా ముఖం చూసి తలుపు తెరుస్తుంది. నేను నెలకోసారైనా ఢిల్లీ పోయి వచ్చేవాడిని, నాకు ఇది నిజంగా సౌకర్యంగా ఉంది. దేశంలోపలి ప్రయాణాలకే ఇది పనిచేస్తుంది.

అయినా మీ అమ్మగారికి దీన్ని సిఫారసు చేయను. అమ్మ, బాపు ఒకరు కెమెరా లైనులో, ఒకరు మామూలు లైనులో వేర్వేరుగా పోవలసి రావచ్చు; మొదటి ప్రయాణంలో అది అవసరమా? పైగా ఇది పూర్తిగా మన ఇష్టం మీద ఆధారపడిన ఏర్పాటు. గేటు వద్ద ఎవరైనా యువకులు ట్యాబ్ పట్టుకొని ఒకసారి ఫోటో దిగండి అని పిలిచినా, వద్దని చెప్పి మామూలు లైనులో పోయే హక్కు ప్రయాణికులకు ఉంది. ముఖం వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయని, ఎయిర్‌పోర్టుకు పంపినవి విమానం బయలుదేరిన 24 గంటల్లో తొలగిస్తారని నిర్వాహకులు చెబుతున్నారు. ఆ మాటను నేను నమ్మే ఈ యాప్ వాడుతున్నాను. కానీ దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతమే, మిగిలినది 5 ఎయిర్‌పోర్టు కంపెనీలది. అలాంటప్పుడు తొలగించారో లేదో సరిచూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు నాకు తృప్తికరమైన జవాబు ఇంకా దొరకలేదు.

జవాబు 4: ఫీనిక్స్‌లో జగిత్యాల బిడ్డ

ఢిల్లీ ప్రయాణానికి నా మాట అవసరం లేదు కానీ, మన వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవారు, పిల్లల దగ్గరికి అమెరికా వచ్చే అమ్మానాన్నలు కూడా ఇది చదువుతారు కనుక రాస్తున్నాను. ఇలాంటి విదేశీ ప్రయాణానికి ఫోన్‌లోని ఏ ఆధారూ, ఏ డిజిలాకరూ పనికిరాదు, పాస్‌పోర్టు పుస్తకమే చేతిలో ఉండాలి.

ఇక్కడ అరిజోనాలో డ్రైవింగ్ లైసెన్సును ఐఫోన్ వాలెట్‌లో పెట్టుకునే వీలు 2022 మార్చిలోనే వచ్చింది. ఫీనిక్స్ ఎయిర్‌పోర్టులో ఫోన్‌ను యంత్రానికి దగ్గరగా పెడితే ఏ వివరాలు పంపుతున్నదో ముందుగా తెర మీద చూపిస్తుంది, మనం ఒప్పుకున్నాకే అవి అధికారి ముందున్న తెరకు వెళ్తాయి. ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వనక్కరలేదు. మన గేట్ల వద్ద ఫోన్‌ను జవాను చేతికే ఇచ్చేస్తుంటారు, అది నాకు నచ్చదు; తెరను తిప్పి చూపిస్తే చాలు. అయితే ఇక్కడి భద్రతా సంస్థ టీఎస్ఏ కూడా ఫోన్‌లో ఐడీ ఉన్నా అసలు కార్డు వెంట ఉంచుకొమ్మనే చెబుతుంది. మన దేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలు అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విమానమెక్కాలన్నా భారత పాస్‌పోర్టు చూపించవలసిందే. దాన్ని కొడుకు ఇంట్లో బీరువాలో పెట్టి, ఆధార్ కార్డుతో ఎయిర్‌పోర్టుకు బయలుదేరిన పెద్దలను నేను చూశాను.

అడిగినవారి మాట: హన్మకొండ వాసి

అందరికీ ధన్యవాదాలు. పీవీసీ కార్డుకు ఆర్డర్ పెట్టాను, ఇ-ఆధార్ రంగుల ప్రింటు తీశాను, అమ్మ ఫోన్‌లో డిజిలాకర్ తెరిచి పిన్ ఆమెతోనే పెట్టించాను. ఎయిర్‌లైన్ వారు పేరు సరిచేసి కొత్త టికెట్ పంపారు. ఒక్కటే మిగిలింది: మా అక్క, బావ కూడా 8 ఏళ్ల బాబుతో, ఏడాదిన్నర పాపతో అదే విమానంలో వెళ్దామంటున్నారు. పిల్లలకు కూడా డిజిలాకర్ కావాలా?

జవాబు 5: కాజీపేట పెద్దాయన

అవసరం లేదు. గుర్తింపు పత్రం ఉన్న తల్లిదండ్రుల వెంట వెళ్లే పిల్లలకు గేటు వద్ద విడిగా గుర్తింపు అడగకూడదని ఆ 2017 జాబితాతో పాటే చెప్పారు. కాకపోతే 2 ఏళ్లలోపు పాపను ఒడిలో కూర్చోబెట్టుకొని తీసుకెళ్లే టికెట్ కొంటారు కదా, ఆ వయసుకు రుజువు ఎయిర్‌లైన్ కౌంటర్ వద్ద అడుగుతారు. మున్సిపాలిటీ వారు ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం మీ అక్కగారి హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి, కౌంటర్‌లో ఇచ్చేసే పెద్ద సూట్‌కేసులో కాదు.